తప్పిన పరీక్షలు, గట్టెక్కిన పరీక్ష

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, "అమ్మాయీ, అమెరికా నర్సింగు పరీక్ష ప్యాసయ్యావట గదా, మన పిల్లలకు ఉత్సాహం కలిగేటట్టు ఓ పావుగంట మాట్లాడాలి" అన్నారు. పెద్దవారి మాట కాదనలేక సరేనన్నాను. తీరా ఆలోచిస్తే, ప్యాసైన సంగతి చెప్పడానికి పావుగంట అక్కరలేదు, ఒక్క నిమిషం చాలు. అందుకని మిగతా సమయమంతా నేను తప్పిన సంగతులు చెప్పుకుంటాను. సన్మాన సభలో ఈ అపశకునపు మాటలేమిటని విసుక్కోకండి. ఎందుకు చెబుతున్నానో చివర మనవి చేస్తాను.

మా కుటుంబం మీలో చాలామందికి తెలిసినదే. మా తాతగారు దూది ఏకే విల్లు భుజాన వేసుకుని చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగినవారు. మా నాన్న పేటలో చిన్న కొట్టు పెట్టుకుని పరుపులు, దిండ్లు కుడతాడు. ఇంట్లో మేము మాట్లాడేది తెలుగే. పదో తరగతి దాకా నేను చదివిందీ తెలుగు మీడియమే. ఇంటర్లో బై.పి.సి. అత్తెసరు మార్కులతో ప్యాసయ్యాను. డాక్టరు చదువు మన తాహతుకు అందేది కాదు గదా, నర్సింగులో చేరతానన్నాను. అది 2012వ సంవత్సరం. జి.ఎన్.ఎం. అనే డిప్లొమా కోర్సు అప్పట్లో మూడున్నరేళ్లు.

ఇంట్లో పెద్ద రభసే జరిగింది. రాత్రి డ్యూటీలేమిటి, పరాయి మగవాళ్లను ముట్టుకోవడమేమిటి, రేపు పెళ్లెవరు చేసుకుంటారు అని మా నాయనమ్మ రెండు రోజులు అన్నం మానేసింది. అప్పుడు మన సంఘం కోశాధికారిగారు మా ఇంటికొచ్చారు. ఆయన ఇప్పుడు మన మధ్య లేరు. ఆయన మా నాయనమ్మ ఎదుట కూర్చుని, "అమ్మా, ఖందక్ యుద్ధంలో గాయపడిన సాద్ ఇబ్న్ మువాజ్‌గారిని ఎక్కడ ఉంచి చికిత్స చేశారో తెలుసా? మదీనాలో మసీదు దగ్గర రుఫైదా అనే ఆమె వేసుకున్న గుడారంలో. ఆవిడ చేసిన పని నీ మనవరాలు చేస్తే తప్పా?" అని అడిగారు. నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి అన్నం తిన్నది. సంఘం నుంచి ఏడాదికి ఇంత అని విద్యా సహాయం మంజూరు చేయించింది కూడా ఆయనే.

కోర్సులో చేరిన మొదటి రోజే నాకు గుండె జారిపోయింది. పాఠాలన్నీ ఇంగ్లీషులో. ఎముకల పేర్లు, కండరాల పేర్లు, మందుల పేర్లు నోట్సులో దించుకునేదాన్ని గాని, ఏమిటో తెలిసేది కాదు. రాత్రి హాస్టల్లో లైట్లు ఆర్పేశాక వరండాలో బల్బు కింద కూర్చుని బట్టీ పట్టేదాన్ని. తెల్లారి 7 గంటలకు వార్డులో ఉండాలి. పొద్దున వార్డు, మధ్యాహ్నం క్లాసు, మళ్లీ సాయంత్రం వార్డు. క్లాసులో కళ్లు మూసుకుపోయేవి. టీచరు నిలబెట్టి ప్రశ్న అడిగితే, నాకు జవాబు తెలిసి కూడా ఇంగ్లీషులో చెప్పడం రాక తల దించుకునేదాన్ని. తల దించుకున్నవాళ్లకు ఏమీ తెలియదని అందరూ అనుకుంటారు. కొన్నాళ్లకు మనకూ అదే నిజమనిపిస్తుంది.

ఒక్క పనిలో మాత్రం నన్ను మెచ్చుకున్నారు. పడక సిద్ధం చేయడంలో. నర్సింగులో మొదట నేర్పేది అదే. దుప్పటి మీద ముడత ఉండకూడదు. లేవలేని రోగి అదే ముడత మీద గంటల తరబడి పడుకుంటే చర్మం ఒరుసుకుపోతుంది, ఒత్తిడికి రక్తం ఆడక పుండు పడుతుంది. అందుకే మంచం మీద రోగిని రెండేసి గంటలకు ఒకసారి పక్కకు తిప్పుతూ ఉంటాం. చేత్తో తడిమి పరుపులో గడ్డ ఎక్కడుందో చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పరుపులవాడి కూతురిని గదా! కానీ పడక వేయడం వచ్చినంత మాత్రాన అనాటమీ పేపరు ప్యాసవుతామా?

2013లో మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చాయి. రెండు సబ్జెక్టులు తప్పాను. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి నాకు 11 రోజులు పట్టింది. రోజూ మా అమ్మ ఫోను చేసి "బాగున్నావా?" అంటే "బాగున్నా" అనేదాన్ని. ఆ 11 రోజులూ నేను ఎవరి దగ్గరా ఏడవలేదు. తోటి పిల్లలతో నవ్వుతూనే ఉన్నాను. లోపల మాత్రం, చదువు మానేసి కొట్లో దిండ్లు కుట్టుకుందామని నిర్ణయించేసుకున్నాను.

మన సంఘం నియమావళిలో ఒక నిబంధన ఉన్నది. విద్యా సహాయం పొందే విద్యార్థి పరీక్ష తప్పితే, మరుసటి ఏడాది సహాయం నిలిపివేయాలి. ఆ నిబంధన ప్రకారం నా పేరు కొట్టేశారు. అందులో అన్యాయమేమీ లేదు. ఉన్న డబ్బు తక్కువ, అడిగే పిల్లలు ఎక్కువ. కష్టపడి చదివేవారికే ఇద్దామని పెద్దలు అనుకున్నారు. కానీ తప్పినవాళ్లు కష్టపడలేదని మనకు ఎవరు చెప్పారు?

నేను పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేశాను. మా నాన్న ఏమీ అనలేదు. మర్నాడు కొట్లో ఒక పాత పరుపు విప్పుతున్నాడు. "ఇది ఎందుకు విప్పుతున్నావు నాన్నా?" అన్నాను ఏదో ఒకటి మాట్లాడాలని. "గడ్డ కట్టింది" అన్నాడు. "గడ్డ కట్టిందని దూది పారేస్తామా ఏమిటి? విప్పి, ఎండబెట్టి, ఏకి, మళ్లీ కుడతాం. దూది మంచిదే" అన్నాడు. అంతే. నా చదువు ఊసు ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం కోశాధికారిగారు కొట్టుకొచ్చి రెండు దిండ్లు కావాలన్నారు. దిండ్లు తీసుకుని, 12,000 రూపాయలు నాన్న చేతిలో పెట్టి, "ఇది సంఘం డబ్బు కాదు, పుస్తకంలో రాయను. అమ్మాయిని రేపటి బస్సుకు పంపించు" అని వెళ్లిపోయారు.

మళ్లీ వెళ్లాను. ఈసారి వార్డు సిస్టరుగారు ఒకామె నాకొక ఉపాయం చెప్పింది. "నువ్వు ఇంగ్లీషును బట్టీ పడుతున్నావు, విషయాన్ని కాదు. ముందు తెలుగులో మీ అమ్మకు చెబుతున్నట్టు పైకి చెప్పు. అర్థమైందాకా చెప్పు. ఆ తర్వాతే ఇంగ్లీషు మాటలు తగిలించు" అన్నది. రక్తం గుండెలోకి ఏ దారిన వస్తుంది, ఊపిరితిత్తులకు ఎందుకు పోతుంది, మళ్లీ ఎట్లా తిరిగి వస్తుంది అని హాస్టలు గోడకు ఎదురుగా నిలబడి తెలుగులో చెప్పుకున్నాను. పిచ్చి పట్టిందనుకున్నారు. సప్లిమెంటరీలో రెండు సబ్జెక్టులూ ప్యాసయ్యాను. ఫస్టు క్లాసు రాలేదు. ప్యాసు మార్కులు వచ్చాయి. ఆ తర్వాత కూడా ఏనాడూ నేను క్లాసులో మొదటి పదిమందిలో లేను. ఎట్లాగో కోర్సు పూర్తి చేసి, మన రాష్ట్ర నర్సుల, మంత్రసానుల కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుని, విజయవాడలో ఒక ఆసుపత్రిలో ఇంటెన్సివ్ కేర్ వార్డులో ఉద్యోగానికి చేరాను.

ఇక్కడ లైసెన్సు గురించి రెండు మాటలు చెప్పాలి. రోగిని ముట్టుకునే చెయ్యి శిక్షణ పొందిన చెయ్యేనా అని ప్రభుత్వం చూడాలన్న ఆలోచనకు నూరేళ్లు దాటాయి. నర్సుల నమోదుకు ప్రత్యేకంగా చట్టం చేసిన మొదటి దేశం న్యూజీలాండ్, 1901లో. అమెరికాలో 1903లో నార్త్ కరోలినా రాష్ట్రం మొదలుపెట్టింది. మన దక్షిణాదిన 1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. దేశం మొత్తానికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947లో వచ్చింది. నా రోజుల్లో మన దగ్గర కోర్సు చివరి పరీక్ష ప్యాసై కౌన్సిల్లో నమోదైతే చాలు, నర్సుగా పనిచేయవచ్చు. అమెరికాలో అట్లా కాదు. కోర్సు ప్యాసైన తర్వాత కూడా లైసెన్సు కోసం ఇంకొక పరీక్ష రాయాలి. దాని పేరు ఎన్‌క్లెక్స్. ఈ పేరుతో 1982 నుంచి నడుస్తున్నది. అప్పట్లో ఏడాదికి రెండుసార్లు, రెండేసి రోజులు, కాగితం మీద పెన్సిలుతో రాసేవారు. 1994 నుంచి కంప్యూటరు మీద పెడుతున్నారు. మనవాళ్లు దీనికోసం అమెరికా వెళ్లనక్కరలేదు. హైదరాబాదులోనే కేంద్రం ఉన్నది.

ఈ పరీక్షలో ఒక విచిత్రం ఉన్నది. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఉండదు. జవాబు సరిగా చెబితే తర్వాతి ప్రశ్న కాస్త కష్టమైనది వస్తుంది. తప్పు చెబితే కాస్త తేలికైనది వస్తుంది. కొట్లో తక్కెడ ముల్లు అటూ ఇటూ ఊగి ఒకచోట నిలిచినట్టు, ఈ మనిషి గీతకు పైనున్నదా కిందనున్నదా అన్నది నూటికి 95 పాళ్లు తేలిందాకా కంప్యూటరు ప్రశ్నలు వేస్తూనే ఉంటుంది. తేలగానే ఆపేస్తుంది. మార్కులు ఉండవు, ర్యాంకులు ఉండవు. ప్యాసు, లేకపోతే ఫెయిలు. ఫస్టు క్లాసు ఎన్నడూ రాని నాకు ఆ మాట విన్నప్పుడు చెప్పలేనంత ఊరట కలిగింది.

2020లో కరోనా వచ్చింది. ఆ రోజుల సంగతి మీకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. మనలో చాలామంది ఇళ్లలో ఒక్కొక్కరిని పోగొట్టుకున్నాం. మా వార్డులో రోగులను బోర్లా పడుకోబెట్టి, వేలికి తగిలించిన యంత్రంలో ఆక్సిజన్ అంకె చూస్తూ తెల్లవార్లూ నిలబడేవాళ్లం. అప్పుడు నేనొకటి నేర్చుకున్నాను. బాధతో కేకలు వేసే రోగి కంటే, నెమ్మదిగా ఫోనులో మాట్లాడుకుంటూ "నాకేం లేదు సిస్టర్" అన్న రోగికే ఒక్కొక్కసారి ఆక్సిజన్ బాగా పడిపోయి ఉండేది. మనిషికి తెలియకుండానే లోపల ఊపిరి తగ్గిపోతున్నదన్నమాట. కేక వేసినవాడి దగ్గరకు అందరూ పరుగెత్తుతారు. నోరెత్తని వాడిని వెతికి చూడవలసింది నర్సే.

ఆ కష్టంలోనే తోటి నర్సులు కొందరు ఎన్‌క్లెక్స్‌కు దరఖాస్తు పెడుతుంటే నేనూ పెట్టాను. సర్టిఫికెట్ల పరిశీలనకే ఏడాది పైగా పట్టింది. పరీక్ష ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాసేవారికి అదనంగా మరో 150 డాలర్లు. నా జీతంలో అది ఎంత భాగమో మీరే లెక్క వేసుకోండి. 2022లో మొదటిసారి రాశాను. రాత్రి బస్సులో హైదరాబాదు వెళ్లాను. అరచేతిలోని నరాలను యంత్రంతో చూసి మనిషిని గుర్తు పెట్టుకుంటారు. చేతిగడియారం కూడా బయట పెట్టెలో పెట్టిస్తారు. అప్పుడు అత్యధికంగా 145 ప్రశ్నలు ఉండేవి. నాకు 145వ ప్రశ్న దాకా వచ్చింది. బయటికి వచ్చేసరికి కాళ్లు వణికాయి. ఫలితం వచ్చింది. ఫెయిలు.

మళ్లీ అదే 2013. మళ్లీ అదే "బాగున్నా". అయితే ఈసారి 11 రోజులు దాచలేదు. ఆ రాత్రే నాన్నకు ఫోను చేశాను. "గడ్డ కట్టిందా?" అన్నాడు. "కట్టింది నాన్నా" అన్నాను. "ఎక్కడ కట్టిందో చూసుకో" అన్నాడు.

ఆ మాట నాకు బాగా ఉపయోగపడింది. ఫెయిలైనవారికి ఒక నివేదిక పంపుతారు. ఏ భాగంలో గీతకు పైనున్నాం, ఏ భాగంలో దగ్గర, ఏ భాగంలో కింద అని అందులో ఉంటుంది. నేను జబ్బుల విషయంలో, మందుల విషయంలో గీత దగ్గరే ఉన్నాను. కిందపడింది ఎక్కడంటే, పని అప్పగించడం, ఎవరిని ముందు చూడాలో నిర్ణయించడం - ఆ భాగంలో. ఇన్నేళ్ల నుంచి వార్డులోనే ఉన్నదాన్ని ఇందులో ఎట్లా తప్పాను అని చాలా రోజులు ఆలోచించాను. చివరికి అర్థమైంది. నా అలవాటు నన్ను తప్పించింది. మన వార్డుల్లో ఏ సమస్య వచ్చినా ముందు డాక్టరుగారికి చెప్పడం నేర్చుకుంటాం. ఆ పరీక్షలో, ఆయాసపడే రోగిని తల ఎత్తి కూర్చోబెట్టి ఆక్సిజన్ చూడకుండా ఫోను దగ్గరకు పరుగెత్తితే తప్పు. నర్సు తన కళ్లతో చూసి, తన చేతితో చేయవలసింది చేసి, అప్పుడు చెప్పాలి. అక్కడ రిజిస్టర్డు నర్సు కింద ప్రాక్టికల్ నర్సు, ఆమె కింద సహాయకులు ఉంటారు. ఏ పని ఎవరికి అప్పగించవచ్చు, ఏది అప్పగించరాదు అన్నది మన దగ్గర ఎవరూ అడగరు. మందుల పేర్లలో కూడా తేడా ఉన్నది. మన పారాసిటమాల్ వాళ్లకు ఎసిటమినోఫెన్, మన సాల్‌బుటమాల్ వాళ్లకు ఆల్బుటెరాల్, మన అడ్రినలిన్ వాళ్లకు ఎపినెఫ్రిన్.

ఫెయిలైన 45 రోజులకు మళ్లీ రాయవచ్చు. నేను 45 రోజులకు రాయలేదు. డబ్బు లేదు, ధైర్యమూ లేదు. ఈలోగా 2023 ఏప్రిల్ నుంచి పరీక్ష పద్ధతి మార్చారు. ఒక రోగి కథ మొత్తం ఇచ్చి, నర్సులు రాసిన నోట్సు, రక్తపరీక్షలు చూపించి, ఏది గమనించావు, దాని అర్థమేమిటి, ముందు ఏం చేస్తావు, చేశాక రోగి కుదుటపడ్డాడా లేదా అని వరసగా అడుగుతారు. ప్రశ్నలు 85కు తగ్గవు, 150కి మించవు. గడువు 5 గంటలు. చాలామంది ఈ పద్ధతికి భయపడ్డారు. నాకు మాత్రం అది వార్డులో రోజూ చేసే పనిలాగానే కనిపించింది. డ్యూటీ అయ్యాక రోజుకు రెండు గంటలు చదివాను. పాత ఉపాయమే. ప్రతి ప్రశ్నా ముందు తెలుగులో అమ్మకు చెబుతున్నట్టు పైకి చెప్పుకునేదాన్ని. ఈసారి చెప్పుకోవడం కాదు, నిజంగానే మా అమ్మకు ఫోనులో చెప్పేదాన్ని.

పరీక్షలో వచ్చిన ప్రశ్నలు బయట చెప్పనని ఒప్పుకునే పరీక్ష రాస్తాం. కాబట్టి నేను సొంతంగా అల్లి అమ్మను అడిగిన ప్రశ్న ఒకటి మీకు చెబుతాను. మీరూ జవాబు ఆలోచించండి. వార్డులో నలుగురు రోగులున్నారు. ఒకతను నిన్న ఆపరేషను అయినవాడు, నొప్పి నొప్పి అని అరుస్తున్నాడు. రెండో ఆమె చక్కెర జబ్బు మనిషి, టిఫిను ఇంకా రాలేదేమని గట్టిగా అడుగుతున్నది. మూడో ఆయన తనను ఇంటికి పంపే కాగితాలు ఏవి అని నిలదీస్తున్నాడు. నాలుగోవాడు ఉబ్బసం మనిషి. రాత్రంతా పిల్లికూతలు పెట్టినవాడు, ఇప్పుడు చప్పుడు లేకుండా కళ్లు మూసుకుని పడుకున్నాడు. ముందు ఎవరి దగ్గరకు వెళ్లాలి?

మా అమ్మ తడుముకోకుండా, "నాలుగోవాడి దగ్గరకు పోవే, వాడికేదో అయింది" అన్నది. అమ్మ అయిదో తరగతి చదివింది. అదే సరైన జవాబు. ఉబ్బసంలో పిల్లికూతలు వినిపిస్తున్నాయంటే గాలి ఇంకా ఆడుతున్నదన్నమాట. తగ్గినట్టు కనిపించకుండా, మనిషి మగతగా ఉండి చప్పుడు ఆగిపోయిందంటే గాలే ఆడడం లేదేమోనని భయపడాలి. "నీకెట్లా తెలిసిందమ్మా?" అని అడిగితే, "ఏడ్చే పిల్లకు ఫరవాలేదు. ఏడుపు మానేసిన పిల్లనే చూసుకోవాలి" అన్నది. మూడున్నరేళ్లు చదివి, ఎనిమిదేళ్లు పనిచేసి, ఒకసారి తప్పి నేను నేర్చుకున్నది అదే.

2024లో రెండోసారి రాశాను. నా ప్రశ్నలు నూరు దాటాక ఒకచోట తెర ఉన్నట్టుండి ఆగిపోయింది. పోయిందనే అనుకున్నాను. బస్సులో వస్తూ, ఈ 350 డాలర్లతో నాన్న కొట్టుకు కొత్త కుట్టుమిషను వచ్చేది గదా అని లెక్కలు వేసుకున్నాను. ఫలితం వచ్చింది. ప్యాసయ్యాను. ఆ ఒక్క నిమిషం సంగతి ఇదే. అయిపోయింది.

పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ పరీక్ష ప్యాసైతే విమానం టిక్కెట్టు చేతికి వచ్చినట్టు కాదు. ఇంగ్లీషు పరీక్ష వేరు, వీసా వేరు. మన దేశం నుంచి వెళ్లే నర్సులు దరఖాస్తు చేసే వర్గంలో వీసా వరుస చాలా పొడుగు, ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. నేనూ ఆ వరుసలోనే ఉన్నాను. వెళతానో లేదో తెలియదు. ఆరు నెలల్లో అమెరికా పంపిస్తామని లక్షలు అడిగే ఏజెంట్లను నమ్మకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. పిల్లను నర్సింగులో చేర్చేముందు ఆ స్కూలుకు కౌన్సిల్ గుర్తింపు ఉన్నదో లేదో చూసుకోండి. గుర్తింపు లేని చోట చదివితే నమోదే జరగదు, చదువంతా వృథా.

మరి అమెరికా వెళ్లకపోతే ప్యాసై ఏం లాభమని అడిగారు మా బంధువులు. లాభం ఉన్నది. ఇప్పుడు వార్డులో అడుగు పెట్టగానే నేను కేకలు వేసే మంచం వైపు కాదు, చప్పుడు లేని మంచం వైపు చూస్తాను. ఆ చూపు విజయవాడలోనూ పనికొస్తుంది.

ఇప్పుడు నేను ఈ కథంతా ఎందుకు చెప్పానో మనవి చేస్తాను.

ఇందాక కార్యదర్శిగారు ఈ సంవత్సరం విద్యా సహాయం పొందుతున్న పిల్లల జాబితా చదివారు. అందరం చప్పట్లు కొట్టాం. నిరుటి సంచికలో అచ్చయిన జాబితా నా దగ్గర ఉన్నది. చదువు ఇంకా పూర్తి కాకుండానే ఈ ఏడు లేకుండా పోయిన పేర్లు అందులో నాలుగున్నాయి. వారి సంగతి ఎవరూ అడగలేదు. ఇతరులను ఎందుకనాలి, నిన్నటిదాకా నేనూ అడగలేదు. నిన్న అందులో ఒక అమ్మాయికి ఫోను చేశాను. పేరు చెప్పను. నర్సింగు మొదటి సంవత్సరం. రెండు సబ్జెక్టులు తప్పింది. హాస్టలు నుంచి పెట్టె తెచ్చేసుకున్నది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. "ఎట్లా ఉన్నావమ్మా?" అంటే "బాగున్నానక్కా" అన్నది. ఇంకేమీ అడగలేదు, ఏడవలేదు. ఆ "బాగున్నా" నాకు బాగా తెలుసు. అందుకే ఆ పిల్ల గురించి నాకు భయంగా ఉన్నది.

కనుక సర్వసభ్య సమావేశానికి నా ప్రార్థనలు మూడు.

మొదటిది, పరీక్ష తప్పితే సహాయం నిలిపివేయాలన్న నిబంధనను సవరించండి. మొదటిసారి తప్పినవారికి ఇంకొక ఏడాది గడువు ఇవ్వండి. ఆ తర్వాత కూడా చదవకపోతే అప్పుడు ఆపండి.

రెండోది, సహాయం పొందే ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ మూడు నెలలకు ఒకసారి సంఘం నుంచి ఎవరైనా ఒకరు ఫోను చేయాలి. "మార్కులెన్ని?" అని కాదు, "ఏ పాఠం అర్థం కావడం లేదు?" అని అడగాలి. నర్సింగు చదివే పిల్లల బాధ్యత నేను తీసుకుంటాను. రాత్రి డ్యూటీలో ఉన్నా విరామం దొరకగానే మాట్లాడతాను.

మూడోది, మన వార్షిక సంచికలో ఫస్టు క్లాసు వచ్చినవారి ఫోటోలు వేస్తున్నాం, సంతోషం. ఒకసారి తప్పి మళ్లీ రాసి ప్యాసైనవారి పేర్లు కూడా, వారికి ఇష్టమైతే, వేయండి. తప్పిన పిల్లలకు అటువంటి పేర్లు కనబడాలి. 2013లో నాకు ఒక్క పేరు కూడా కనబడలేదు. ఈ లోకంలో తప్పినదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను.

చివరగా ఈ కవరు. ఇందులో 12,000 రూపాయలున్నాయి. కోశాధికారిగారు బతికి ఉండగా రెండుసార్లు తిరిగి ఇవ్వబోయాను, తీసుకోలేదు. ఆయన పోయాక వారి ఇంటికి వెళితే, అమ్మగారు "ఆయన పుస్తకంలో రాయని డబ్బు మేమెట్లా తీసుకుంటాం?" అన్నారు. అందుకని దీన్ని సంఘానికే ఇస్తున్నాను. ఈసారి మాత్రం పుస్తకంలో రాయండి. ఆ నలుగురి పద్దు కింద రాయండి. నిబంధన సవరణ ఎప్పుడు జరిగినా జరగనివ్వండి, ఆ అమ్మాయి సప్లిమెంటరీ ఫీజు గడువు మాత్రం ఈ నెలాఖరుతో అయిపోతుంది.

   

(ప్రసంగకర్త్రి ఇచ్చిన మొత్తం అదే రోజు జమ కట్టడమైనది. నిబంధన సవరణ ప్రతిపాదన కార్యవర్గం పరిశీలనలో ఉన్నది. - సంపాదకవర్గం)